చందా ఆటలు, సొంత ఆటలు

కంప్యూటర్ ఆటలకు నెలనెలా చందా కట్టాలా, డీఆర్ఎం లేని ప్రతిని కొని దాచుకోవాలా అన్న ప్రశ్న నెల్లూరు తీరంలో వాతావరణంతోనూ ముడిపడి ఉంటుంది. డీఆర్ఎం అంటే, ఆడే హక్కు వినియోగదారుకు ఉన్నదో లేదో నిర్ధారించుకున్నాకే ఆటను తెరవనిచ్చే డిజిటల్ తాళం. ఆ నిర్ధారణకు చాలాసార్లు ఇంటర్నెట్ కావాలి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసి, కోవూరు వైపు జాతీయ రహదారిని సైతం దెబ్బతీసింది. అటువంటి రోజుల్లో కరెంటు స్తంభాల మీదుగా మైపాడు, కోడూరు వంటి ఊళ్లకు సాగే ఫైబర్ తీగను నమ్ముకోవడం కష్టం.

మైక్రోసాఫ్ట్ 2017లో ప్రారంభించిన గేమ్ పాస్ వంటి చందాతో వందల ఆటలు అందుబాటులోకి రావడం, ముఖ్యంగా చేతిలో డబ్బు ఆడని విద్యార్థికి, కాదనలేని మేలు. అయితే చందా ఆగిననాడు ఆట డిస్కులో ఉన్నా తెరుచుకోదు. కొన్నంత మాత్రాన భద్రత ఉంటుందనీ చెప్పలేము: 2014లో విడుదలైన యూబీసాఫ్ట్ ఆట ‘ది క్రూ’కు 2024 మార్చి 31న సర్వర్లు మూసివేయగా, సొమ్ము చెల్లించినవారు ఒంటరిగా ఆడుకునే వీలు కూడా లేకపోయింది. ఇది అన్యాయమే.

పోలండుకు చెందిన జీఓజీ 2008 నుంచి తాళం లేని ఆటలు అమ్ముతున్నది. ఇన్‌స్టాలర్‌ను ఒకసారి దించుకుని హార్డ్‌డిస్కులో ఉంచుకుంటే, ఖాతా తెరవకుండానే మరో కంప్యూటరులోనూ ఎక్కించుకోవచ్చు. కాబట్టి మళ్లీ మళ్లీ ఆడదగిన కథాప్రధానమైన ఆటలను ఈశాన్య రుతుపవనాలు రాకముందే కొని దించుకోవడం తీరవాసులకు మంచిది. ఆన్‌లైన్‌లో పలువురు కలిసి ఆడే ఆటల్లో చాలావాటికి ఎలాగూ సర్వరు తప్పదు గనుక, వాటివరకు చందా చాలు.