మామగారికో కర్ర

పుచ్చుకునేవారికి ఇబ్బంది కలగకుండా ఇవ్వడం ఒక విద్య. వస్తువు ఖరీదు పెరిగేకొద్దీ ఆ విద్య మరింత కఠినమవుతుంది. అందులోనూ ఇచ్చేది అల్లుడు, పుచ్చుకోవలసినది మామగారు అయితే ఇక చెప్పనక్కరలేదు. మన సంప్రదాయంలో ఆ కాలువ ఒకే దిక్కుగా పారుతుంది. పెళ్ళిపీటల మీద కాళ్ళు కడిగిన నాటినుంచి పండుగ బట్టల దాకా మామగారి చేయి పైన, అల్లుడి చేయి కింద. కూతురింట మంచినీళ్ళు తాగడానికి కూడా వెనుకాడిన తండ్రులు మునుపటి తరంలో ఉండేవారు. మా మామగారు అంత పట్టింపు మనిషి కారు గానీ, ఆ గాలి పీల్చి పెరిగినవారే. మా ఇంట ఉంటున్న ఈ రెండేళ్ళలో ఆయన నా చేతినుంచి పుచ్చుకున్నవి ఒక ఉన్ని టోపీ, ఒక జత మంచు బూట్లు. అవి కూడా ఒహాయో చలి చేసిన బలవంతం వల్లనే.

అటువంటి మనిషికి నేను ఈమధ్య ఒక పూల్ క్యూ కొనిపెట్టాను. క్యూ అనగానే రేషన్ దుకాణం ముందు నిలబడేది గుర్తుకు వస్తుంది మనవారికి. ఆ క్యూకీ ఈ క్యూకీ మూలం ఒక్కటే. ఫ్రెంచి భాషలో ఆ మాటకు తోక అని అర్థం. పూర్వం బిలియర్డ్సు బంతిని తెడ్డు వంటి కర్రతో నెట్టేవారు. బంతి బల్ల అంచుకు ఆనుకుని ఉన్నప్పుడు తెడ్డు అందక, కర్రను తిప్పి దాని తోకతో కొట్టేవారు. చివరకు తెడ్డు పోయి తోక మిగిలింది.

మామగారు తెనాలిలో ముప్పైమూడేళ్ళు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నారు. అత్తగారు పోయాక ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉండడం చూడలేక మా ఆవిడ పట్టుబట్టి ఇక్కడికి తీసుకువచ్చింది. కొలంబస్ నగరపు శివార్లలో కారు నడపలేని మనిషికి ఇల్లే ప్రపంచం. పొద్దున స్నానం, పూజ, కంప్యూటరులో తెలుగు పత్రికలు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కిటికీ. మాట బాగా తగ్గిపోయింది. అత్తగారి ప్రస్తావన ఆయన తేరు. ఆయన తేరు గనుక మేమూ తేము. ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం ఒక పేరు చుట్టూ జాగ్రత్తగా తిరుగుతూ రెండేళ్ళు గడిపాం.

మా అపార్టుమెంట్ల సముదాయానికి ఒక క్లబ్‌హౌసు ఉంది. అందులో ఏడడుగుల పూల్ బల్ల. నిరుడు శీతకాలంలో బయట మంచు పేరుకుపోవడంతో మామగారు ఆ హాలులోనే నడక సాగించేవారు. అక్కడ ఒక విశ్రాంత పోస్టుమాన్ రోజూ ఒంటరిగా ఆడుకుంటూ ఉండేవాడట. వారం రోజులు మౌనంగా చూశాక మామగారు అతనితో అన్న మొదటి మాట, "ఆ రెండు బంతులూ తొంభై డిగ్రీల కోణంలో విడిపోతాయి" అని. అతను నమ్మకుండా కొట్టి చూశాడు. విడిపోయాయి. మరునాటినుంచి అతను ఆట నేర్పడం, ఈయన పాఠం చెప్పడం.

ఇందులో మాయ ఏమీ లేదు. సమాన ద్రవ్యరాశి గల రెండు గోళాలలో ఒకటి నిలిచి ఉండగా రెండవది వచ్చి దానిని ఓరగా తాకితే, తాకిన తరువాత అవి దాదాపు లంబకోణంలో విడిపోతాయి. ఇంటర్మీడియట్ పుస్తకంలో ఉన్న సంగతే. అయితే తెల్లబంతి జారుతూ వచ్చినప్పుడే ఈ లెక్క సరిపోతుంది. దొర్లుతూ వచ్చి సుమారుగా సగం బంతిని తాకితే, అది తన దారినుంచి ఇంచుమించు ముప్పై డిగ్రీలు మాత్రమే పక్కకు పోతుంది. ఈ రెండవ సంగతి మామగారికి ఆ పోస్టుమాన్ చూపించాడు. ఇంటికి వచ్చి భోజనాల బల్ల మీద రెండు నిమ్మకాయలు పెట్టి, కారణం ఏమై ఉంటుందో మాకు వివరించారు. అన్నం చల్లారిపోయినా మేమెవరమూ కదలలేదు. ఆయన నోట అంతసేపు మాట విని ఎన్నాళ్ళయిందో!

మన ఊహలో ఈ ఆటకు మంచి పేరు లేదు. జమీందారుల క్లబ్బులు, సినిమాలలో విలన్ బంగళా, ఈ కాలంలో కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళు చేరే పార్లరు: ఇవే మనకు తెలిసిన బొమ్మలు. కానీ దీని బంధువైన స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూరులోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో. స్వతంత్ర భారతదేశానికి ఏ క్రీడలోనైనా వ్యక్తిగతంగా తొలి ప్రపంచ విజేత అయిన విల్సన్ జోన్స్ ఆడినదీ బిలియర్డ్సే. ఆ విజయం 1958లో కలకత్తాలో దక్కింది. ఈ మాట మామగారికి చెబితే, "అవును, పేపర్లో వచ్చింది" అన్నారు, నిన్నటి సంగతి అన్నట్టు.

క్లబ్‌హౌసులో గోడకు ఆనించిన కర్రలు నాలుగున్నాయి. ఒకటి విల్లులా వంగింది. ఒకదానికి కొసన తోలు బిళ్ళ అరిగి రేకులా అయింది. మిగిలిన రెండింటికీ పిడి దగ్గర రంగు పెచ్చులూడి చేతికి గుచ్చుకుంటుంది. బంతి తప్పినప్పుడల్లా మామగారు కర్రను కంటి దగ్గర పెట్టుకుని ఒంటి కన్నుతో చూసేవారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ప్రయోగశాలలో అన్నీ ఒకేసారి మారిపోతే ఫలితానికి కారణం తెలియదు. తప్పు చేతిదా, కర్రదా? తేలాలంటే రెండింటిలో ఒకటి స్థిరంగా ఉండాలి. నేర్చుకునేవారికి సొంత క్యూ అవసరమయ్యేది ఇందుకే. మంచి కర్ర వల్ల ఆట వచ్చేయదు. కానీ నిన్నటి కర్రే ఇవాళా చేతిలో ఉంటే, ఏ తప్పు తనదో తెలుస్తుంది.

ఇక ఎంపిక. ముందుగా పూల్ క్యూ, స్నూకర్ క్యూ ఒకటి కావు. స్నూకర్ బంతి చిన్నది, 52.5 మిల్లీమీటర్లు, దాని క్యూ కొస కూడా సన్నం, తొమ్మిది పది మిల్లీమీటర్లు. పూల్ బంతి 57 మిల్లీమీటర్లు. క్యూ కొస సాధారణంగా పన్నెండు, పదమూడు. ఇండియానుంచి ఎవరైనా వచ్చేటప్పుడు తెప్పిద్దామనుకునే వారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

పొడవు 58 అంగుళాలు మామూలు. ఆయన అయిదడుగుల నాలుగంగుళాల మనిషే అయినా పొట్టి క్యూ అక్కర్లేదనుకున్నాను. పిడిని కాస్త ముందుగా పట్టుకుంటే సరిపోతుంది. పొట్టివి పిల్లలకూ, గోడ అడ్డం వచ్చే ఇరుకు గదులకూ పనికివస్తాయి. బరువు 18 నుంచి 21 ఔన్సుల దాకా దొరుకుతుంది. కొత్తవారికి 19 చాలు, అంటే సుమారు 540 గ్రాములు. బరువు క్యూ దానంతట అదే బంతిని తోస్తుందన్న మాట నిజమే గానీ, మణికట్టు నొప్పి ఉన్న డెబ్భై రెండేళ్ళ మనిషికి తోపు కంటే అదుపు ముఖ్యం.

కొయ్య గట్టి మేపుల్ అయి ఉండాలి. కోసిన చోట నార నిటారుగా, పొడవునా సాగాలి. రెండు ముక్కలుగా విడదీసి మరతో బిగించేది అయితే సంచిలో పట్టుకువెళ్ళవచ్చు. వంపు ఉందో లేదో చూడడానికి దుకాణంలో అందరూ క్యూను బల్ల మీద దొర్లిస్తారు. బిగించి దొర్లించడం ఒక్కటే చాలదు. రెండు ముక్కలనూ విడివిడిగా కూడా దొర్లించి, కొయ్యకూ బల్లకూ మధ్య వెలుతురు గీత పెరిగి తరుగుతోందా అని చూడాలి. కీలు దగ్గర చిన్న తేడా ఉన్నా బిగించినప్పుడు ఎగురుతుంది. కొన్నాక కారులో వదిలేయకూడదు. వేసవి ఎండా, శీతకాలపు చలీ కొయ్యకు శత్రువులు.

అన్నిటికంటె ముఖ్యమైనది అన్నిటికంటె చిన్నది: కొసనున్న తోలు బిళ్ళ. బంతిని తాకేది అదొక్కటే. 19వ శతాబ్దం తొలినాళ్ళలో మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి జైలులో ఉండగా ఈ తోలు కొసను కల్పించాడంటారు. అంతకుముందు ఉత్త కొయ్యతో బంతిని పక్కన కొడితే జారిపోయేది. తోలు మరీ మెత్తనైతే త్వరగా అణిగిపోతుంది, మరీ గట్టిదైతే సుద్ద నిలవదు. మధ్యరకం మేలు. గోపురంలా గుండ్రంగా ఉండాలి. అరిగితే మార్చుకునే వీలుండాలి. మరీ చవక క్యూలలో మరతో బిగించిన కొసలు ఉంటాయి, వాటిని వద్దనుకోవడం మంచిది.

ధర సంగతి. పెద్ద బజారు దుకాణాలలో ముప్పై డాలర్లకు దొరికేవి చూశాను. రంగు మెరిసిపోతోంది, కొయ్య మీద నమ్మకం కలగలేదు. మరోవైపు కార్బన్ ఫైబర్ కొసలవి, దంతపు నగిషీని తలపించే పొదుగుళ్ళవి వందల్లో, వేలల్లో ఉన్నాయి. పొదుగుడు బంతిని ముట్టుకోదు. కార్బన్ ఫైబర్ వంగదు, మంచిదే. కానీ దాని సుగుణాలు తెలిసేటంత ఆట మా ఆయనకు ఇంకా రాలేదు. అరవై నుంచి నూట ఇరవై డాలర్ల మధ్యలో నిటారైన మేపుల్ కొయ్య, మంచి తోలు, నార దారం చుట్టిన పిడి, అన్నీ దొరుకుతాయి. నేను డెబ్భై రెండు డాలర్లకు, ఏ అలంకారమూ లేని ముదురు గోధుమరంగు క్యూ తీసుకున్నాను. సంచికి మరో పద్దెనిమిది.

ఇంకొంచెం పెట్టలేకనా? పెట్టగలను. కానీ మన ఇళ్ళలో ఖరీదైన కానుకకు పట్టే గతి నాకు తెలుసు. తువ్వాలులో చుట్టి బీరువాలోకి వెళుతుంది. వాడితే పాడవుతుందన్న భయం, పాడైతే ఇచ్చినవారికి ఏమని చెప్పాలన్న సంకోచం. మామగారి తెనాలి ఇంట్లో మేము పంపిన మిక్సీ ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది. గోడకు తగిలినా, సుద్ద అంటినా ప్రాణం చివుక్కుమనని ధర కావాలి. అల్లుడి దగ్గర ఇంత పుచ్చుకున్నానే అని ఆయనకు రాత్రి నిద్ర పట్టకుండా చేయని ధర కావాలి.

మరొక చిక్కు. మెట్ల దగ్గర ఒకసారి తూలినప్పుడు డాక్టరు చేతికర్ర వాడమంటే ఆయన ససేమిరా అన్నారు. అందుకని కర్ర అనే మాట నా నోట రాకూడదని నిశ్చయించుకున్నాను. రంగు కాగితాలు చుట్టలేదు, పుట్టినరోజు దాకా ఆగలేదు. సంచిని ఆయన బూట్ల పక్కన గోడకు ఆనించి ఊరుకున్నాను.

"ఇదెవరిదండీ అల్లుడుగారూ?"

"మీదేనండీ."

"నాకెందుకండీ ఇవన్నీ? ఎంతయింది?"

దాచకుండా చెప్పాను. సంచితో కలిపి తొంభై. ఆయన మనసులో రూపాయలలోకి మార్చుకోవడం కనిపించింది. ఏమీ అనలేదు. రెండు ముక్కలూ తీసి, నా పరీక్ష మీద నమ్మకం లేనట్టు భోజనాల బల్ల మీద దొర్లించారు. వంగి, వెలుతురు గీత చూశారు. తోలు బిళ్ళను బొటనవేలితో తడిమారు. బిగించి, నిలబెట్టి, పైనుంచి కింద దాకా చూశారు.

"మీ అత్తగారు ఉంటే, ఈ వయసులో కర్రాబిళ్ళ ఏమిటని నవ్వేది" అన్నారు.

వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆయన ఆగలేదు. కాలేజీనుంచి వచ్చాక చొక్కా మీద సుద్దపొడి చూసి ఆవిడ ఎలా సణిగేదో, ఆ చొక్కాలను వేరే బకెట్టులో ఎందుకు నానబెట్టేదో చెప్పుకుంటూ పోయారు. ఆ సాయంత్రం టీ రెండుసార్లు పెట్టవలసి వచ్చింది.

కొసకు రాసే నీలం సుద్ద నిజానికి సుద్ద కాదు. సిలికా, కురువిందం వంటి గట్టి పదార్థాల పొడి కలిపి చేసిన ఆ బిళ్ళకు 1897లో అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. జారకుండా పట్టు ఇవ్వడమే దాని పని. ముప్పైమూడేళ్ళు తెల్లసుద్ద పట్టిన చేతికి ఇప్పుడు నీలం అంటుతోంది. క్యూ కొసన తెల్లగా ఉండే పట్టీ నీలమైంది, స్వెట్టరు ముంజేతులు నీలమయ్యాయి. ఉతికేటప్పుడు మా ఆవిడ సణుగుతుంది. వాళ్ళ అమ్మ సణిగినట్టే ఉందని మామగారు అంటారు. క్యూ మాత్రం ఇంతవరకూ బీరువా ఎక్కలేదు.