నాలుగు అగ్గిపుల్లలు, ఒక సంతకం

పాచికలు ఎవరినీ ఏడిపించవు. కురుసభలో ధర్మరాజును కుంగదీసింది వాటి మీద ఒడ్డిన మనుషులు. తమ్ముళ్లను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డకపోయి ఉంటే అదొక పూట కాలక్షేపం. బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి ఆడే ఆటల్లో ఆటగాళ్లకు నిజమైన దుఃఖం, భయం కలిగించడమెలా అని తల పట్టుకునేవారికి జవాబు ఆ సభలోనే ఉంది. అయినా ఎక్కువమంది దాన్ని వర్ణనల్లో వెతుకుతారు.

ఈ తరహా ఆటలకు ఊపు వచ్చింది 1974లో. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో. ఆటలో ఒకరు గేమ్ మాస్టర్, మన నాటకాల భాషలో సూత్రధారి. సన్నివేశం ఆయన చెబుతాడు. మిగతావారు తలా ఒక పాత్ర ధరించి, అది ఏం చేస్తుందో, ఏమంటుందో చెబుతారు. ఫలితం అనుమానమైన చోట పాచిక తేలుస్తుంది. గెలిచినవాడు, ఓడినవాడు అంటూ ఉండరు. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టింది కాబట్టి మొదట్లో రాక్షసులు, నిధులే సరుకు. రానురాను ఆటగాళ్లకు వాటితో తనివి తీరలేదు. చిక్కు అక్కడే వచ్చింది. సూత్రధారి గొంతు బొంగురు చేసి 'మీ గుండె చెరువైంది' అంటాడు. ఎదుటివాడు సమోసా అందుకుంటూ ఉంటాడు.

హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను దగ్గర జనం ఏడ్చేవారు. కథ తెలుసు, లోహితాస్యుడు బతుకుతాడనీ తెలుసు. అయినా ఏడ్చేవారు. పద్యం, రాగం, నటుడి గొంతు ఆ పని చేసేవి. రసాన్ని ఆస్వాదించేవాడు ప్రేక్షకుడు. ఈ ఆటలో ఆ ప్రేక్షకుడే లేడు. కన్నీరు పెట్టాల్సినవాడే మాటలు కల్పించుకోవాలి, వాటిని తానే వినాలి. ఎంత గొప్ప వర్ణనైనా అతన్ని సగం దూరమే తీసుకెళుతుంది. మిగతా సగం అతను తన చేత్తో ఏదో ఒకటి చేయాల్సి వచ్చినప్పుడే.

ఆటను ఖరగ్‌పూర్‌లో పెట్టి చూస్తే సంగతి తేలిగ్గా బోధపడుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడే ఉండిపోయాయి. 1927లో ఆ ఊళ్లో రైల్వే కార్మికులు రెండుసార్లు సమ్మెకు దిగారు. రెండోదానికి కారణం వర్క్‌షాపులో ఉద్యోగాల కోత. అది నెలల తరబడి సాగింది. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆ రైల్వే కార్మికుల నాయకుల్లో ఒకరు.

నలుగురు ఆటగాళ్లు ఆ ఏడాదిని ఎంచుకున్నారనుకుందాం. ఒకరు ఫిట్టరు. ఒకరు అతని భార్య. ఒకరు సంఘం కార్యకర్త. ఇంకొకరు ఊరి నుంచి కొత్తగా వచ్చిన బావమరిది. 'ఊరంతా ఆకలితో అలమటిస్తోంది' అంటే ఎవరికీ ఏమీ కాదు. తెలివైన సూత్రధారి బల్ల మీద ఒక కాగితం పెడతాడు. అది చరిత్రలోది కాదు, అతను కల్పించినదే. సంతకం పెట్టినవాడికి రేపటి నుంచి పని. పక్కనే నాలుగు అగ్గిపుల్లలు. ఇంట్లో మిగిలిన పూటల తిండి అవి. సీను ముగిసిన ప్రతిసారీ ఒకటి తీసేస్తాడు. బావమరిదిని సంఘంలో చేర్పించింది ఫిట్టరేనని మొదటి గంటలో ఆటగాళ్లే నవ్వుకుంటూ తేల్చుకున్నారు. మూడో గంటలో ఆ నవ్వే మెడకు చుట్టుకుంటుంది. సంతకం పెడితే బావమరిది ముఖం చూడాలి. పెట్టకపోతే భార్య ముఖం చూడాలి. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చునే ఉన్నారు.

ఇలాంటి చోట పాచిక వేయించే సూత్రధారి ఆటను చెడగొడతాడు. నేరం పాచిక మీదికి పోతుంది, ఆటగాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు.

భాష సంగతి మరొకటి. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలోని పిల్లలకు బజారులో బెంగాలీ, హిందీ. ఆట నియమాలు ఇంగ్లిషులో. తిండి లేదన్న సంగతి ఇంగ్లిషులో చెప్పుకున్నంతసేపూ ఫిట్టరు ఉపాయాలు వెతుకుతాడు. అప్పు పుడుతుందా, సంఘం ఏమైనా ఇస్తుందా అని. భార్య పాత్రధారిణి వాళ్ల అమ్మమ్మ గొంతుతో 'ఇంట్లో గింజ నేదు, ఏటి సేత్తావు?' అంటే ఉపాయాలన్నీ ఆగిపోతాయి. ఆ మాట నియమాల పుస్తకంలోంచి రాలేదు, ఇంట్లోంచి వచ్చింది. అప్పుడు సూత్రధారి చేయగల గొప్ప పని నోరు మూసుకుని ఊరుకోవడం. చాలామందికి అదే చేతకాదు.

భయం పుట్టించడం ఇంతకంటే సులువు. 2005లో వచ్చిన 'డ్రెడ్' అనే ఆటలో పాచికలే లేవు. చెక్క దిమ్మెలతో పేర్చిన గోపురం ఉంటుంది. ప్రమాదకరమైన పని చేయాలంటే ఒక దిమ్మె లాగాలి. గోపురం కూలితే, కూల్చినవాడి పాత్ర కథలోంచి పోతుంది. చేతి వణుకు నటన కాదు. దుఃఖం మాత్రం ఇలాంటి చిట్కాలకు లొంగదు.

పాత్ర మనసులోది ఆటగాడిలోకి, ఆటగాడిది పాత్రలోకి కారిపోవడాన్ని ఈ ఆటలవాళ్లు 'బ్లీడ్' అంటారు. కోరుకునేదీ అదే, జడవాల్సిందీ అదే. అందుకే జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన 'ఎక్స్ కార్డు' ప్రవేశపెట్టాడు. ఎక్స్ గుర్తున్న కార్డు ఒకటి బల్ల మధ్యలో ఉంటుంది. ఎవరైనా దాన్ని తాకితే ఆ సంగతిని కథలోంచి తీసేస్తారు. కారణం అడగరు. దీనివల్ల ఆట పదును తగ్గుతుందని పెదవి విరిచేవారున్నారు. కానీ వెనక్కి రావచ్చన్న ధైర్యం ఉన్నవాడే నీళ్లలోకి ఇంకో అడుగు వేస్తాడు.

ఖరగ్‌పూర్ బల్ల దగ్గర ఆ కార్డు అవసరం ఇంకా ఎక్కువ. అక్కడ ఫిట్టరంటే కొందరికి సొంత ముత్తాతే కావచ్చు. సమ్మెలో నిలబడ్డాడో, లొంగిపోయాడో ఇంట్లో ఎవరూ నోరు విప్పని ముత్తాత. ఆ పాత్ర ఎవరికి వద్దో ఆట మొదలుకాకముందే అడగాలి. అడిగాక కూడా ఎవరో ఒకరు పెన్సిలు పట్టుకుని, కాగితం వైపు కాసేపు చూసి, కార్డు మీద వేలు పెట్టవచ్చు. అప్పుడు కాగితం తీసేయాలి. మిగిలిన అగ్గిపుల్లలతో స్టవ్ వెలిగించి టీ పెట్టుకోవచ్చు.