చెప్పుల పెట్టెలో కార్డులు

రాయ్‌పూర్

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి వెళ్లాక ఒంగోలు పక్కన మూడు రోజులు సువార్త మహాసభలు పెడుతున్నావని, కుర్చీలకూ మైకులకూ అడ్వాన్సు కూడా ఇచ్చేశావని రాశావు. సంతోషం. నువ్వు కోప్పడనంటే ఒక మాట. కిందటేడు ఇక్కడి కూటాల్లో మనవాళ్లు ప్రభువును నమ్ముతామని నింపిన తీర్మాన కార్డుల్ని చెప్పుల పెట్టెలో వేసి నా చేతికిచ్చి రైలెక్కావు గుర్తుందా? దాని సంగతి తర్వాత. ముందు ఈ ఊరి కథ ఒకటి విను.

ఆస్కర్ లోర్ అని జర్మన్ దొర. ఛోటానాగపూర్‌లో పనిచేస్తూ 1857 తిరుగుబాటులో పారిపోయి, అమెరికా చేరి, 1868లో మళ్లీ వచ్చి రాయ్‌పూర్‌లో దిగాడు. ఇక్కడ సత్నామీలున్నారు. విగ్రహాలొద్దు, కులమొద్దు, సత్‌నామ్ ఒక్కటే చాలని గురు ఘాసీదాస్ చెప్పిన బాటలో నడిచేవాళ్లు. లోర్‌కి ఆశ పుట్టింది. భండార్‌లో వాళ్ల గురువు దగ్గరికి వెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని మర్యాద చేశారు. ఇక గురువు తిరిగితే జనమంతా తిరిగినట్టే అనుకున్నాడు పాపం!

తీరా బాప్తిస్మానికి ముందుకొచ్చింది ముగ్గురు. వాళ్ల చేత జంధ్యం తీయించాడు. ఆ జంధ్యం ఎలాంటిదో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఘాసీదాస్ కొడుకు బాలక్‌దాస్ పెద్దకులాల ఎదుట దాన్ని వేసుకుని తిరిగినందుకు 1860 ప్రాంతంలో హత్యకు గురయ్యాడు. అంత ఖరీదు పెట్టి తెచ్చుకున్నదాన్ని దొర తీసెయ్యమంటే జనం వెనక్కి తగ్గక ఏం చేస్తారు? లోర్ బీడుభూమి కొని, బిశ్రామ్‌పూర్ అని ఊరు కట్టి, బడి పెట్టి, మందులిస్తూ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాడు. ఊరి పేరులోనే విశ్రాంతి ఉంది. ఆయనకు మాత్రం దొరికినట్టు లేదు.

'మరి మా ఒంగోలు మాటేమిటి?' అంటావు. నిజమే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రతి ప్రసంగంలోనూ ఆ అంకె చెప్తావు, ఎర్రగుంట్ల పేరయ్య పేరు మాత్రం ఎత్తవు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మాదిగ పేరయ్య. అంతకుముందు రాజయోగం నేర్చినవాడు. 1866లో తాను నమ్మాక తన మాదిగపల్లెల్లో ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగాడు. మరుసటి జనవరిలో తాళ్లకొండపాడుకు ఒంగోలు మిషనరీ క్లౌ దొర వచ్చేసరికి 28 మంది సిద్ధంగా ఉన్నారు. ఆ తర్వాత ధాత కరువు. క్లౌ బకింగ్‌హాం కాలవలో కొంత మేర తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని పదిహేను నెలలు బాప్తిస్మాలే ఆపేశాడు! గుండ్లకమ్మలో ముంచింది కూడా ఆయన కాదు, తెలుగు బోధకులు. నాకైతే ఆ 2,222 కంటే ఆ పదిహేను నెలలే గొప్పగా అనిపిస్తాయి.

ఇక్కడ సభలంటే అంత తేలిక కాదులే. లోర్ వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 1968లో, మధ్యప్రదేశ్ చేసిన మతస్వేచ్ఛ చట్టం రాష్ట్రం విడిపోయాక ఛత్తీస్‌గఢ్‌కీ వచ్చింది. నీ కూటాలకు అనుమతుల కోసం నేను తిరిగిన తిరుగుడు నీకు తెలియదు. పోనీ అదంతా ఎందుకు!

ఇక పెట్టె సంగతి. ఆదివారం మధ్యాహ్నాలు రెండేసి కార్డులు తీసుకుని వెళ్తున్నాను. కొందరు బదిలీ అయిపోయారు. కొందరు నన్ను చూసి టీ ఇచ్చి మాట మార్చారు. రైల్వే క్వార్టర్లలో ఒక పెద్దమ్మ మాత్రం కార్డు వెనక 'మనవడికి ఫిట్స్' అని రాయించింది. మందులు వాడుతున్నారు, కొంచెం తగ్గిందట. నన్ను కూర్చోబెట్టి బైబిల్ తెచ్చింది. చదవడం రాదు, నేనే చదివాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్లింటికే ముందు వెళ్తున్నాను.

వచ్చేముందు గుమ్మంలో అడిగింది, "ఆ రోజు నా తలమీద చెయ్యిపెట్టిన అబ్బాయి మళ్లీ వస్తానన్నాడు బాబూ, ఎప్పుడొస్తాడు?" అని. ఏం చెప్పమంటావో రాయి. కుర్చీల పని అయ్యాకే రాయి, పర్లేదు.

నీ అన్న