నా గొర్రెల పద్దు

రిటైరయిన వాళ్ళకి వచ్చే జబ్బుల్లో పొలం కొనడం ఒకటి. నాకది 2022లో వచ్చింది. ముప్పయ్యారేళ్ళు డిఫెన్స్ అకౌంట్స్‌లో పూణే, జబల్పూర్, సికింద్రాబాద్ తిరిగి, ఇతరుల బిల్లుల మీద ఎర్ర సిరాతో అభ్యంతరాలు రాసి, చివరికి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు నాలుగెకరాల మెట్ట కొన్నాను. ఎకరం ఎనిమిది లక్షలు. ఎర్రనేల, ఒక బోరు. నెల్లూరు జాతి గొర్రెలకి పేరున్న ప్రాంతం కాబట్టి, పంట కన్నా జీవాలే నయమని అందరూ అన్నారు. నేనూ తలూపాను.

గొర్రెల పెంపకం మీద శిక్షణకని వెళితే ఒక ప్రాజెక్టు రిపోర్టు చేతిలో పెట్టారు. 40 గొర్రెలు, 2 పొట్టేళ్ళు. రెండేళ్ళలో మూడు ఈతలు, అంటే 120 పిల్లలు. పిల్లకింత, మొత్తం ఇంత. తాయెత్తుల కరపత్రమైతే చదవకుండానే చించేసేవాణ్ణి. ఇది కంప్యూటర్‌లో కొట్టిన పట్టిక, ఆఖరి గడిలో 'నికర లాభం' అని ఉంది. నమ్మేశాను. అందులో చావుల పద్దు లేదు. మేత ఖర్చు దగ్గర సున్నా. సొంత భూమిలో మేపుతాం కదా, అందుకని.

మా శాఖ వాళ్ళకి మిలటరీ ఫారాల సంగతి తెలియంది కాదు. 1889లో అలహాబాదులో మొదలై, 2021 మార్చి 31న పూర్తిగా మూతపడ్డాయి. సైన్యానికి పాలు అందించడం వాటి పని, లాభం తీయడం కాదు. పాలు బయట కావలసినన్ని దొరికే రోజులొచ్చాక, అంత భూమిని దానికి కట్టిపెట్టడం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న నా నాలుగెకరాలకి మాత్రం నేను వేసుకోలేదు.

అక్టోబరులో మంద దిగింది. గొర్రెకి 9,000, పొట్టేలుకి 16,000 చొప్పున మొత్తం 3,92,000. "టీకాలన్నీ వేయించాం సార్" అన్నాడు అమ్మినాయన. కాగితం చూపించమని అడగలేదు. వోచరు లేనిదే టీ ఖర్చు కూడా పాస్ చేయని మనిషిని! ఒక కాపరిని జీతానికి పెట్టుకున్నాను. వేసవికి ముందే 31 పిల్లలు పుట్టాయి. అప్పుడు చూడాలి నా ధీమా.

2023 జూలైలో నాలుగు వానలు పడి లేతపచ్చిక మొలిచింది. ఐదు నెలలుగా ఎండుమేత కొనీ కొనీ విసిగిపోయి ఉన్నానేమో, పొద్దున్నే మందని దాని మీదికి వదిలించాను. పక్క పొలంలో 120 జీవాల మందున్న పెద్దాయన గట్టు మీద నుంచి కేకేశాడు. "సారూ, పిల్లల్ని ఖాళీ కడుపున లేతగడ్డి మీదికి తోలొద్దు. కాస్త చొప్ప వెయ్యి ముందు." అంతటితో ఆగితే బాగుండేది. దొడ్డి గుమ్మానికి నల్లతాడు, నిమ్మకాయ కట్టమని కూడా చెప్పాడు. రెండో మాటకి నవ్వొచ్చి, మొదటి మాట కూడా ఆ గాటనే కట్టేశాను.

నాలుగు రోజుల్లో 11 పిల్లలు చచ్చాయి. మూడు పెద్ద గొర్రెలు కూడా. బక్కవి కాదు, అన్నిట్లోకీ బలిసినవి. రాత్రి గెంతులేసిన పిల్ల తెల్లారేసరికి కాళ్ళు చాపి పడి ఉండేది. ఊళ్ళో కారణం వెంటనే తేలిపోయింది. నా గట్టు మీద పోతురాజు రాయి ఉంది. పాత ఆసామి ఏటా దానికి పొట్టేలు కోసేవాడట, నేను కోయలేదు.

పశువుల డాక్టరు వచ్చి ఒక పిల్లని కోసి చూశారు. మూత్రపిండాలు మెత్తగా గుజ్జయి ఉన్నాయి. చిటుక రోగం. దాన్ని తెచ్చే క్రిములు గొర్రె పేగుల్లో మామూలుగానే ఉంటాయి. లేతపచ్చిక గానీ గింజలు గానీ ఒక్కసారిగా ఎక్కువగా తింటే అవి విపరీతంగా పెరిగి విషం కక్కుతాయి. బాగా తినేది బాగా బలుస్తుంది, అదే ముందు చస్తుంది. దిష్టి అనే మాట ఎక్కడ పుట్టిందో ఆ రోజు కొంచెం అర్థమయింది. వానలకి ముందే టీకా వేయించాలి. మొదటిసారి అయితే రెండు మూడు వారాల తేడాతో రెండు డోసులు.

మందని దొడ్లో పెట్టి, ఎండుమేత వేసి, టీకా వేయించాం. చావులు ఆగాయి. నెలాఖరుకి పద్దు పుస్తకంలో మా ఆవిడ చేతిరాతతో 'ఇతర ఖర్చులు 350' కనపడింది. ఏమిటని అడిగితే, "కోడండీ. మీకు చెబితే ఒప్పుకోరుగా" అంది. పెద్దాయనకీ ఆ సంగతి తెలుసు. "కోడిని కోసిన్నాడేగా సారూ ఆగింది!" అన్నాడు. ఆ రోజే పచ్చిక మానిపించామని చెప్పాను. నిజానికి టీకా వల్లే ఆగిందని నేనన్నా అది కూడా తప్పే, దాని బలం వచ్చేసరికి రెండు వారాలన్నా పడుతుంది. ఆపింది చొప్ప. అంటే పెద్దాయన మొదటి రోజు గట్టు మీద నుంచి చెప్పిన మాటే. నా నవ్వు ఖరీదు, పిల్ల 7,000 చొప్పున, 77,000 రూపాయలు. ఆయనకి ఆ మాట వాళ్ళ నాన్న చెప్పాడట, నిమ్మకాయ సంగతి కూడా ఆయనే చెప్పాడట. ఏది నిజమో వేరు చేయాల్సింది నేను, మొత్తం మూటకట్టి పారేశాను.

అసలు సంగతి ఏడాది చివర లెక్క కడితే బయటపడింది. జీతం 1,44,000, మేత 1,12,000, మందులు 14,000, కరెంటు, కంచె 10,000. వెరసి 2,80,000. పిల్లలు 18 అమ్మితే 1,26,000, ఎరువు 8,000. చచ్చిన మూడు గొర్రెల విలువ 27,000 కలిపితే నష్టం 1,73,000. ఇప్పుడు రోగమే రాలేదనుకోండి, 11 పిల్లలూ బతికి అమ్ముడుపోయాయనుకోండి, ఆ మూడు గొర్రెల్ని వదిలేస్తే అప్పటికీ 69,000 నష్టమే! పోతురాజుని నమ్మిన ఊరూ, టీకాని నమ్మిన నేనూ ఇద్దరం చావుల చుట్టూనే తిరిగాం. డబ్బు పోయింది మేతలోనూ, జీతంలోనూ. కంచె వేసిన నాలుగెకరాల మెట్ట నలభై జీవాల్ని ఏడాది పొడుగునా మేపలేదు.

మరి పెద్దాయనకెలా గిడుతుంది? ఆయన మేత కొనడు. బీడులో, పోరంబోకులో, కోసిన చేలల్లో మేపుతాడు. వరి కోతలయ్యాక మందని డెల్టా వైపు తోలుకుపోతాడు. రాత్రిళ్ళు చేలల్లో మంద కడితే ఎరువు కోసం రైతులే ఎదురు డబ్బిస్తారు. ఆయన జీతం ఆయన కాళ్ళే, దాన్ని ఆయన ఎక్కడా ఖర్చు రాయడు. రాస్తే ఆయన లెక్క కూడా ఎలా తేలుతుందో నాకు అనుమానమే. తోడుకి కొడుకుని రమ్మంటే రావడం లేదు, హైదరాబాదులో ఉన్నాడు.

2024లో 22 గొర్రెలు అమ్మేశాను. మిగిలిన 15, ఉంచుకున్న రెండు పెయ్యపిల్లలు, ఒక పొట్టేలు పెద్దాయన మందలో పాలుకి కలిపాను. పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి. డెల్టాకి నా జీవాలు కూడా నడుస్తాయి. వచ్చాక మంద నా పొలంలో కడతాం, ఆ ఎరువుతో కంది వేశాను. ఆ ఏడు నా వాటా ఆరు పిల్లలకి 45,000, మందులు పోను 39,000, కంది మీద 31,000. మొత్తం 70,000 మిగులు.

ఇది చూసి మిత్రులు "గిట్టుబాటైందిగా" అంటున్నారు. ముప్పయి రెండు లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే 2,24,000 వచ్చేది. ఆ పద్దు కూడా రాసుకున్నాను, మా ఆవిడ చూడకుండా. టీకా బిల్లు ఇప్పుడు ఏటా పుస్తకంలో అంటిస్తున్నాను. కోడి పద్దు కూడా ఏటా వస్తోంది, 'ఇతర ఖర్చులు' కిందే.