మురుగు తోడిన మహాయంత్రం

పిల్లలూ, మీరు ఎప్పుడైనా ఏతం చూశారా? ఈ రోజుల్లో మీలో చాలామంది చూసి ఉండరు. నా చిన్నతనంలో మా ఊరి తోటల్లో ఏతాలుండేవి. నిటారుగా పాతిన గుంజ మీద పొడుగాటి దూలం ఒకటి ఊగుతూ ఉండేది. దాని కొసన బొక్కెన వేలాడేది. మనిషి దూలం మీదికెక్కి ఇటు నడిస్తే బొక్కెన నూతిలోకి దిగేది. అటు నడిస్తే నీళ్లతో పైకి లేచేది. పొద్దస్తమానం అట్లా నడిచి నడిచి ఒక మనిషి కాస్త తోట తడిపేవాడు.

కొన్నేళ్ల క్రిందట నేను ఇంగ్లండులో ఒక ఏతం చూశాను. దాని దూలం బరువు 47 టన్నులు. అంటే సుమారు పది ఏనుగుల బరువన్నమాట! దాన్ని తొక్కేది మనిషి కాదు, ఆవిరి. అది తోడినది తోటకు నీళ్లు కూడా కాదు. లండను మహానగరపు మురుగు!

మా అమ్మాయి కాపురం లండనులో. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు రాజుగారి కోట, పెద్ద గడియారం, వంతెనలు అన్నీ చూపించారు. చివరికి, "ఇంకేం చూస్తావు నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

నేను ముప్ఫై ఏళ్లపాటు బడిలో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. దూలం ఉన్న ఆవిరి యంత్రం బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. రైలింజను చూశాను గాని ఆ దూలం యంత్రం నడుస్తూ ఉండగా ఒక్కనాడూ చూడలేదు. ఆ మాటే చెప్పాను. క్రాస్‌నెస్ అనేచోట అట్లాంటిది ఉన్నదనీ, కొన్ని రోజుల్లో దానికి ఆవిరి పట్టి నడుపుతారనీ తెలిసింది. ఆ రోజు చూసుకుని నేనూ, తొమ్మిదేళ్ల మా మనవడూ బయలుదేరాం. అది మురుగు తోడే చోటని వినగానే వాడు రెండు జేబురుమాళ్లు తెచ్చుకున్నాడు. ఒకటి తనకు, ఒకటి నాకు!

రైలు దిగి థేమ్సు నది వైపు వెళ్లాం. అదంతా బీడు. గుర్రాలు గడ్డి మేస్తున్నాయి. ఆ బీడు చివర, నది ఒడ్డున, పెద్ద ఇటుక భవనం కనిపించింది. వంపు తిరిగిన కిటికీలతో, చెక్కడపు రాళ్లతో చూడముచ్చటగా ఉన్నది. "ఇది చర్చి కదూ, తాతయ్యా?" అన్నాడు మా వాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

లోపలికి వెళ్లేముందు మా నెత్తిన గట్టి టోపీలు పెట్టారు. అడుగు పెట్టగానే మా వాడి చేతిలోని జేబురుమాలు జారిపోయింది. కంపు కొట్టి కాదు, ఆశ్చర్యంతో! నడుమ ఎనిమిది మూలల మండపం. ఇనుప స్తంభాలు, ఇనుప కమానులు, వాటినిండా ఇనుముతో పోతపోసిన ఆకులూ, పళ్లూ, తీగెలూ. వాటికి ఎరుపు, ఆకుపచ్చ మొదలైన రంగులు వేశారు. ఆ ఆకులూ పళ్లూ ఏమిటో తెలుసా? అంజూర పళ్లు, సునాముఖి! రెండూ సుఖవిరేచనానికి వాడేవే. మురుగు ఇంటికి ఇంతకన్న తగిన అలంకారం ఏముంటుంది? ఆ భవనం కట్టినవాళ్లకు హాస్యప్రియత్వం బాగానే ఉండేదని తోచింది.

అక్కడ నాలుగు యంత్రాలున్నాయి. ఆవిరి యంత్రాలకు పేరుపడ్డ జేమ్స్ వాట్ కంపెనీ వారు చేసినవే. వాటికి విక్టోరియా రాణి కుటుంబం వారి పేర్లే పెట్టారు: విక్టోరియా, ప్రిన్సు కాన్సర్ట్, ఆల్బర్ట్ ఎడ్వర్డ్, అలెగ్జాండ్రా. నేను వెళ్లినప్పుడు వాటిలో నడుస్తున్నది ప్రిన్సు కాన్సర్ట్ ఒక్కటే. మిగిలినవి తుప్పుపట్టి చీకట్లో నిలబడి ఉన్నాయి. తళతళలాడే యంత్రం పక్కనే తుప్పు యంత్రాన్ని చూస్తే, అది కూడా ఒకప్పుడు ఇట్లాగే ఉండేదన్న మాట నమ్మబుద్ధి కాలేదు.

నూనె మరకల బట్టలతో ఒక పెద్దాయన చిన్న చక్రం ఒకటి మెల్లిగా తిప్పాడు. ఎక్కడో "హుష్" మన్నది. మా తలల మీద 47 టన్నుల దూలం కదిలింది. ఒక కొస లేచింది, రెండో కొస వంగింది. 52 టన్నుల గొప్ప చక్రం మొదట కదలాలా వద్దా అన్నట్టు ఒక్క జానెడు జరిగి, తరువాత తిరగసాగింది. పిల్లలూ, అంత బరువు కదిలితే చెవులు బద్దలయ్యే చప్పుడు వస్తుందనుకుంటారు కదూ? రాదు. ముసలివాడు నిద్రలో తీసే ఊపిరిలాగా ఉంటుంది. పని జోరుగా ఉన్న రోజుల్లో సైతం చక్రం నిమిషానికి 11 చుట్లు మాత్రమే తిరిగేదట. కాని దూలం ఊగిన ప్రతిసారీ ఒక్కొక్క యంత్రం 6 టన్నుల మురుగును పైకి తోసేది!

పని జరిగే తీరు ఇది. ఒక కొసన సిలిండరు, అందులో ముషలకం. ఆవిరి ముషలకాన్ని తోస్తే దూలం ఊగుతుంది. రెండో కొసకు తగిలించిన కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. ఆ దూలానికే వేలాడే పంపులు భూమి అడుగునున్న మురుగును పైకి ఎత్తుతాయి. 1900 ప్రాంతంలో వీటికి మరికొన్ని సిలిండర్లు చేర్చి, ఒకే ఆవిరి చేత మూడుసార్లు పని చేయించారు. చెరకు గడను గానుగలో ఒకసారి పెట్టి పారెయ్యం కదా, పిప్పిని మళ్లీ పెట్టి రసం పిండుతాం. ఇదీ అటువంటిదే.

"మురుగును ఎత్తడం దేనికి తాతయ్యా? దానంతటదే పారిపోదా?" అన్నాడు మా వాడు.

మంచి ప్రశ్నే. పారాలంటే వాలు కావాలి. లండను పెద్ద తూములను మైలుకు కనీసం రెండడుగులు దిగేటట్టు కట్టారు. అట్లా మైళ్ల తరబడి దిగుతూ వచ్చేసరికి మురుగు నదికంటె పల్లంలో పడుతుంది. అక్కణ్ణుంచి దాన్ని ఎవరో ఒకరు ఎత్తిపోయాలి. ఎత్తి తిన్నగా నదిలో పోయడానికీ లేదు. థేమ్సు నదికి సముద్రపు పోటు తగులుతుంది. పోటు సమయంలో పోస్తే మురుగు తిరిగి ఊళ్లోకే వస్తుంది. అందుకని 2 కోట్ల 70 లక్షల గాలన్లు పట్టే తొట్టి ఒకటి కట్టి, అందులో నింపి ఉంచి, ఆటు రాగానే వదిలేవారు. సముద్రమే దాన్ని లాక్కుపోయేది.

ఇంత పని ఎందుకు పెట్టుకున్నారో చెబుతాను. అంతకుముందు లండను మురుగంతా ఊరి నడుమనే థేమ్సులో పడేది. ఆ నది నీళ్లే చాలామంది తాగేవాళ్లు. 1855లో మైకేల్ ఫారడే అనే గొప్ప శాస్త్రజ్ఞుడు పడవ మీద పోతూ తెల్లని అట్టముక్కలు తడిపి నదిలో వేశాడు. అవి ఒక అంగుళం లోతు పోకముందే కంటికి కనిపించకుండా పోయాయి! ఆయన ఆ సంగతి పత్రికకు రాశాడు. ఎవరూ కదలలేదు. 1858 వేసవిలో ఎండలు ముదిరి నది భరించరాని కంపు కొట్టింది. పార్లమెంటు నది ఒడ్డునే ఉన్నది గనక, పరదాలను బ్లీచింగు పొడి నీళ్లలో తడిపి కట్టుకుని కూచున్నారు సభ్యులు. కంపు తమ ముక్కుకు తగలగానే 18 రోజుల్లో చట్టం తయారైంది! ఆ పని జోసెఫ్ బాజల్జెట్ అనే ఇంజనీరుకు అప్పగించారు. ఆయన 82 మైళ్ల పెద్ద తూములు కట్టించాడు. వాటికి 31 కోట్ల 80 లక్షల ఇటుకలు పట్టాయి. 1865 ఏప్రిల్ 4న యువరాజు వచ్చి క్రాస్‌నెస్ యంత్రాలు ప్రారంభించాడు. అతిథులకు అక్కడే విందు కూడా జరిగింది.

అయితే ఇందులో ఒక చిత్రం ఉన్నది. ఆ రోజుల్లో పెద్ద పెద్ద వైద్యులే కలరా దుర్గంధం వల్ల వస్తుందని నమ్మేవారు. కంపు పోగొడితే రోగం పోతుందనుకున్నారు. కాదు, అది తాగే నీటి వల్ల వస్తుందని చెప్పిన వైద్యుడు జాన్ స్నో. 1854లో ఒక వీధిపంపు నీళ్లు తాగినవాళ్లే ఎక్కువగా చస్తున్నారని ఇంటింటికీ తిరిగి చూపించాడు. పంపు పిడి ఊడదీయించాడు. ఆయన మాట ఎక్కువమంది నమ్మలేదు. సరిగ్గా నది కంపుకొట్టిన 1858 జూన్ నెలలోనే ఆయన పోయాడు. 1866లో కలరా మళ్లీ వచ్చినప్పుడు, కొత్త తూముల పని పూర్తికాని తూర్పు పేటల్లోనే వేలమంది చచ్చారు. పూర్తయిన చోట్ల అంతగా లేదు. ఆ తరువాత లండనులో కలరా అట్లా చెలరేగలేదు. చూశారా, కారణం తప్పు. చేసిన పని ఒప్పు!

దూలం ఊగుతూ ఉంటే నాకు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కలరా వచ్చి ఒక్క రాత్రిలో ఆమె తమ్ముళ్లిద్దరూ పోయారు. ఊరి చెరువు గట్టున మరిడమ్మ నిలబడి ఉన్నదన్నారు. నాయనమ్మ పేరెత్తేది కాదు, "ఆ జబ్బు" అనేది. ఆ రోజునుంచీ ఆమె చెరువు నీళ్లు ముట్టలేదు. ఎండలో, వానలో మైలు దూరం నడిచి, తోటలోని నూతినుంచి నీళ్లు తెచ్చుకునేది. అమ్మవారికి భయపడి. జనం ఆమెకు చాదస్తమనేవారు. కాని ఆ చెరువులోనే పశువులను కడిగేవారు, రోగుల బట్టలు ఉతికేవారు, ఆ నీళ్లే తాగేవారు. 1884లో కోక్ అనే జర్మను వైద్యుడు కలకత్తాలో అట్లాంటి చెరువు నీళ్లలోనే కామా ఆకారపు కలరా క్రిమిని పట్టుకున్నాడు. నేను పెద్దవాణ్ణయి, ఇది చదివి, నాయనమ్మకు చెప్పాలనుకునేసరికి ఆమె లేదు.

"తాతయ్యా, మరి నదిలో వదిలిన మురుగు ఏమైంది?" అని మా వాడు చెయ్యి లాగాడు.

నేను దాచదలచుకోలేదు. 1878 సెప్టెంబరు 3 సాయంకాలం, "ప్రిన్సెస్ ఆలిస్" అనే విహార నౌక ఆ దగ్గరలోనే వేరొక ఓడకు గుద్దుకుని మునిగింది. ఆరువందల మందికి పైగా చచ్చారు. అంతకు కాసేపటి ముందే మురుగు వదిలి ఉన్నారు. నీళ్లలో పడ్డవాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఆ మురికి మింగి దక్కలేదని గగ్గోలు పుట్టింది. లండను తన మురికిని పోగొట్టుకోలేదు, దిగువకు జరిపింది, అంతే. ఆ తరువాత గాని మురుగును తేర్చడం మొదలుపెట్టలేదు. అడుగున దిగిన మడ్డిని 1887 నుంచి ఓడల్లో తీసుకుపోయి సముద్రంలో పోశారు. అదీ 1998లో మానేసి, మడ్డిని కాల్చి విద్యుత్తు తీయసాగారు. ఈ యంత్రశాల పక్కనే ఆ కొత్త కర్మాగారం ఉన్నది. జేబురుమాళ్ల అవసరం మాకు బయటికి వచ్చాక, గాలి అటునుంచి తిరిగినప్పుడు కొద్దిగా కలిగింది!

పాత యంత్రాలను 1956 నాటికి పూర్తిగా ఆపేశారు. ఊడదీయడానికి అయ్యే ఖర్చుకు జడిసి అట్లాగే వదిలేశారు. అడుగున విషవాయువు చేరకుండా పంపుల చుట్టూ ఇసుక నింపారు. వాన కురిసి, తుప్పు పట్టి, పావురాలు చేరాయి. 1985లో కొందరు ఔత్సాహికులు చేరి పని మొదలుపెట్టారు. జీతం లేదు. ముందు సుమారు 100 టన్నుల ఇసుకను తవ్వి పోశారు. తుప్పు గీకారు. మర మరా విప్పి, తుడిచి, బిగించారు. ప్రిన్సు కాన్సర్ట్ మళ్లీ కదిలింది 2003లో! ఇప్పుడది మురుగు తోడదు. ఊరికే ఊగుతుంది.

నూనె మరకల పెద్దాయనను మా వాడు అడిగాడు, "మీరు ఇక్కడ ఎన్నాళ్లుగా పని చేస్తున్నారు?" అని. ఆయన నవ్వి, తుప్పుపట్టిన యంత్రంకేసి చూపించి, "దాన్ని కూడా నడిపించిందాకా చేస్తాను," అన్నాడు. అని, మా వాడి చేతికి ఒక గుడ్డ ఇచ్చి ఇత్తడి పిడి తుడవనిచ్చాడు. వాడు దాన్ని ఎంతసేపు తుడిచాడంటే, మేం ఎక్కవలసిన రైలు వెళ్లిపోయింది.

మా అమ్మాయి ఇల్లు థేమ్సుకు దక్షిణాన ఉన్నది. ఆ వైపు ఇళ్ల మురుగు చాలావరకు క్రాస్‌నెస్‌కే పోతుంది. ఆ రాత్రి స్నానాల గదిలో ఎంతకీ చప్పుడు ఆగకపోతే తలుపు తోసి చూశాను. మా వాడు మోకాళ్ల మీద కూచుని, తూము కన్నానికి చెవి ఆనించి వింటున్నాడు. నన్ను చూసి, మాట్లాడవద్దన్నట్టు వేలు చూపించి, ఇంకొక చెంబెడు నీళ్లు పోశాడు.