వారాసిగూడ నుండి తార్నాక దాకా

సికింద్రాబాదులో రైలు దిగితే మేము ముందుగా వెళ్లేది వారాసిగూడకే. చిలకలగూడ, సీతాఫల్‌మండి, పార్శీగుట్టల నడుమ ఒదిగిన ఆ బస్తీలో మా చెల్లెలి ఇల్లుంది. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన మేడలు, రైల్వే ఉద్యోగుల కుటుంబాలు, దర్జీలు, చిరువ్యాపారులు. వీరి మధ్యనే, విశ్వవిద్యాలయం దగ్గరని గదులు అద్దెకు తీసుకుని ఉండే జిల్లాల విద్యార్థులు. అజాన్ వినబడగానే సందులోని కుట్టుమిషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోవడం అక్కడ మాకు ఎంతో ఇష్టమైన దృశ్యం.

ఈసారి వెళ్లినప్పుడు ఒక మిషను మాత్రం ఉదయం నుండి మోగనే లేదు. కారణం అడిగితే చెల్లెలు గొంతు తగ్గించి చెప్పింది. ఆ దర్జీ కుమారుడు గంజాయికి అలవాటుపడ్డాడట. తండ్రికి తెలిసి వారం దాటింది. పోలీసులకు తెలుస్తుందేమో, బంధువులకు తెలుస్తుందేమోనన్న భయంతో ఆ ఇంటి తలుపు తెరుచుకోవడం లేదు. ఆ అబ్బాయి మా మేనల్లుడికి చిన్ననాటి స్నేహితుడు.

అసర్ నమాజు తర్వాత మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని మేమిద్దరం ఉస్మానియా ప్రాంగణం వైపు నడిచాము. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించేందుకు పూనుకున్నది. అందుకు కావలసిన గ్రంథాలను సిద్ధం చేసేందుకు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలసింది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం గులాబీ ఛాయ గల రాతితో సాయంకాలపు ఎండలో వెలుగుతోంది. దాని మెట్ల మీద విద్యార్థులు గుంపులుగా కూర్చుని ఏదో చర్చిస్తున్నారు. ఈ మెట్లు చూడని ఉద్యమం మన ప్రాంతంలో అరుదు.

అక్కడే మేనల్లుడు అడిగాడు: “మామూజాన్, గంజాయిని లీగల్ చేస్తే ఏమవుతుంది? తాగేవాళ్లు ఎలాగూ తాగుతున్నారు. కనీసం ఈ భయమైనా ఉండదు కదా?”

కొట్టిపారేయదగిన ప్రశ్న కాదది. స్నేహితుడి మీది ప్రేమ నుండి వచ్చినది. అందుకే మేము తెలిసినంతవరకు నిజాయితీగా జవాబు చెప్పదలచాము.

గంజాయి మన దేశంలో ఎల్లప్పుడూ నిషిద్ధం కాదు. 1893-94లో ఆంగ్ల ప్రభుత్వం నియమించిన సంఘం దేశమంతటా విచారించి, పూర్తి నిషేధం వద్దని, పన్నులతో, లైసెన్సులతో అదుపు చేయవచ్చునని సిఫారసు చేసింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు లైసెన్సు దుకాణాలు నడిచాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని, చరస్‌ను నిషేధించింది. అయితే కేవలం ఆకులతో చేసే భంగును ఆ నిర్వచనంలో చేర్చలేదు. అంటే ఒకే మొక్కకు ఒక వైపు నిషేధం, మరో వైపు సడలింపు.

ఫలితమేమిటి? 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, అంతకుముందు ఏడాది కాలంలో భంగు వాడినవారు దాదాపు 2 శాతం; గంజాయి, చరస్ వాడినవారు దాదాపు 1.2 శాతం. చట్టం అనుమతించిన మద్యం సంగతి చూస్తే, తాగేవారు 14.6 శాతం. ఈ తేడాకు చట్టమొక్కటే కారణమని చెప్పలేము. ఆచారం, ధర, అలవాటు కూడా ఉన్నాయి. అయినా తలుపు తెరిచి ఉన్న చోట రద్దీ ఎక్కువన్నది కనబడుతూనే ఉంది.

“మరి విదేశాల్లో?” అన్నాడు మేనల్లుడు.

కెనడా 2018 అక్టోబరు 17న గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. ఆ ఏడాది ఆరంభంలో అక్కడి ప్రభుత్వ సర్వేలో, గత మూడు నెలల్లో వాడామని చెప్పినవారు 14 శాతం. 2020 చివరికి వారు 20 శాతమయ్యారు. అమెరికాలో రోజూ లేదా దాదాపు రోజూ వాడేవారు 1992లో పది లక్షల లోపు. 2022 నాటికి దాదాపు 1 కోటి 77 లక్షలు. రోజూ మద్యం తాగేవారి సంఖ్యను అది మించిపోయింది. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుండి తొలగించి, వీధివీధినా దుకాణాలు వెలిశాక, 2025 జూన్‌లో వైద్యుని చీటీ తప్పనిసరి చేసింది.

రెండో పక్షాన్ని దాచడం కూడా న్యాయం కాదు. కొలరాడో వంటి చోట్ల బడిపిల్లల వాడకం చట్టం మారాక స్పష్టంగా పెరిగినట్లు సర్వేలు చూపలేదు. అమెరికాలో పెరుగుదల చట్టాలు మారకముందే మొదలైంది కూడా. మొత్తం మీద మాకు అర్థమైనది ఇది: చట్టబద్ధమైతే పెద్దవారిలో వాడకం పెరుగుతుంది, ముఖ్యంగా అప్పుడప్పుడూ వాడేవాడు రోజూ వాడేవాడిగా మారే దారి సుగమమవుతుంది. ధర తగ్గుతుంది, దుకాణం దగ్గరవుతుంది, వ్యాపారికి నిత్య గ్రాహకుడే లాభసాటి.

మాటల్లోనే తార్నాక చేరాము. తార్ అంటే తీగె, నాకా అంటే తనిఖీ చేసే చోటు. ఒకప్పుడు ఇక్కడ తీగెకంచెతో నాకా ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇప్పుడు కంచె లేదు. తలపైన మెట్రో రైలు, కింద ఆగని వాహనాల వరుస. ఈ చుట్టుపక్కలే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉస్మానియా పుట్టిన 1918లోనే అదీ కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఏది తినాలో చెప్పే శాస్త్రజ్ఞులు ఇక్కడే ఉన్నారు. ఏది ముట్టరాదో తేల్చుకోలేని యువకులూ ఇక్కడే తిరుగుతున్నారు.

కంచె ఉంటే రాకపోకలు తగ్గుతాయి, పూర్తిగా ఆగవు. ఆంధ్ర పోలీసులు విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద దాదాపు 2 లక్షల కిలోల సరుకును తగులబెట్టారు. అయినా వారాసిగూడ సందులోకి ఒక పొట్లం రానే వచ్చింది.

అప్పటిదాకా మౌనంగా నడిచిన మా శ్రీమతి అన్నది: “బేటా, లీగల్ అయినంత మాత్రాన జాయిజ్ అయిపోతుందా? మన వీధి చివర మద్యం దుకాణానికి ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చింది. మీ నాన్న ఏనాడైనా ఆ మెట్లెక్కారా?”

ఆ ఒక్క మాట మా అంకెలన్నిటినీ మించినది. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఇబ్నె తైమియా వంటి పండితులు హషీష్‌ను ఆ కోవలోనే చేర్చారు. కానీ మదీనాలో మద్యనిషేధం ఒక్కరోజులో రాలేదు. మొదట హృదయాలు విశ్వాసంతో నిండాయి. ఆ తర్వాతే మెట్టుమెట్టుగా ఆజ్ఞలు అవతరించాయి. తుది ఆజ్ఞ వెలువడిన నాడు జనం తమ మద్యాన్ని తామే వీధుల్లో పారబోశారు. మొదటే ‘తాగకండి’ అని ఉంటే ఎవరూ వినేవారు కాదని హజ్రత్ ఆయిషా (ర) వివరించారు. లోపలి కంచె లేనిచోట బయటి కంచె ఒంటరిదవుతుంది.

“అయితే వాడి సంగతేమిటి?” అన్నాడు మేనల్లుడు. అతని అసలు ప్రశ్న అదే.

మద్యం తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని కొందరు శపించినప్పుడు, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడకండని ప్రవక్త (స) వారించారు. మన దేశ చట్టంలోనూ ఒక వాకిలి ఉంది. గంజాయి సేవనానికి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా ఉన్నా, 64-ఏ సెక్షను ప్రకారం, వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చికిత్సకు ముందుకు వచ్చి దానిని పూర్తిచేస్తే, సేవనానికి గాని, కొద్దిపాటి సరుకు నేరానికి గాని విచారణ నుండి రక్షణ లభిస్తుంది. మత్తు విముక్తి కోసం 14446 అనే ఉచిత సహాయవాణి ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. భయంతో తలుపులు మూసుకున్న తండ్రికి ఈ సంగతులు తెలియవు.

మగ్రిబ్ వేళకు వారాసిగూడకు తిరిగి వచ్చాము. నమాజు ముగిశాక ఆ దర్జీ చివరి వరుసలో ఒంటరిగా కూర్చుని కనిపించారు. మేనల్లుడే ముందుగా వెళ్లి సలాం చెప్పి పక్కన కూర్చున్నాడు. మేమూ చేరాము. కొంతసేపు ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత, “ఎవరికీ చెప్పకండి భాయ్‌సాబ్” అన్నారు.

“చెప్పము. రేపు ఉదయం ఆసుపత్రికి మీతో వస్తాము” అన్నాము.

మరునాడు ఉదయం రెండు ఆటోలు అవసరం కాలేదు. నలుగురం ఒకదానిలోనే ఇరుక్కుని కూర్చున్నాము. ఆ అబ్బాయి తండ్రికీ, మా మేనల్లుడికీ మధ్యన.