"నలభైలో ఆయన ఆడితే నేను ఆడలేనా అల్లుడా?"

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక సాయం అడుగుతున్నా.

మొన్న ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి ఊరికి పోయినా. మాది కళ్యాణదుర్గం వైపు తండా. పెద్దోళ్లలో సగం మంది గుత్తి దగ్గర సేవాగఢ్‌కు పోయినారు. మిగిలినోళ్లం భోగ్ అయిపోయినాక ఫుట్‌బాల్ పెట్టుకున్నాం. సీనియర్లు ఒక పక్క, కాలేజీ పిల్లోళ్లం ఒక పక్క. గ్రౌండ్ అంటే ఏమీ లేదు, శెనక్కాయ పీకేసిన చేను, నాలుగు కట్టెలు. అనంతపురం జిల్లాలో ఫుట్‌బాల్ ఏంది అని బయటోళ్లు అడుగుతారు కానీ, ఆర్డీటీ వాళ్ల పుణ్యాన మా పక్క పల్లెల్లో బంతి తన్నని పిల్లోడు తక్కువ.

సీనియర్ల టీమ్‌లో మా మామ ఉండాడు. యాడికి సొంత తమ్ముడు. ఒకప్పుడు జిల్లా అండర్-19 టీమ్‌లో లెఫ్ట్ వింగ్ ఆడినాడు. ఆయన లైన్ వెంబడి పోతాంటే ఎవరూ అందుకునేవాళ్లు కాదని ఇప్పటికీ చెప్తారు. ఆ తర్వాత మా తాత వేసిన రెండు బోర్లు ఎండిపోయినాయి, అప్పు మిగిలింది, మామ బేల్దారి పనికి బెంగళూరు పోయినాడు. అది జరిగి 17 ఏళ్లు. మధ్యలో బంతి ముట్టింది పండగలకే.

ఆ రోజు మొదటి పది నిమిషాలు మామ మమ్మల్ని ఆడుకున్నాడు. రెండుసార్లు నన్నే దాటిపోయినాడు. ఇరవై నిమిషాలకు నడుం పట్టుకుని కూర్చున్నాడు. అయినా ఆ పది నిమిషాలు ఆయన మనసులో ఉండిపోయినాయి.

రాత్రి అన్నం తిన్నాక ఫోన్ తెచ్చి చూపించినాడు. బెంగళూరులో ఒక క్లబ్బు ట్రయల్స్ పెడతాందంట, ఆన్‌లైన్ ఫారం. 2002 తర్వాత పుట్టినోళ్లు మాత్రమే అని కింద రాసి ఉంది. మామ ఆధార్‌లో పుట్టిన తేదీ 01-07-1990.

"అల్లుడా, నీకు కంప్యూటర్ వస్తాది కదా. ఒక్క నాలుగు అంకెలు మార్చు."

తండాలో పింఛన్ కాగితం, రేషన్ కార్డు, స్కాలర్‌షిప్ ఏదైనా నా దగ్గరికే తెస్తారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే కాబట్టి ఫారం నింపడం నా పని అయిపోయింది. ఇంతవరకు ఎవరికీ లేదని చెప్పలా. మామకు చెప్పినా. "మామా, అది తప్పు. దొరికితే ఇద్దరం ఇరుక్కుంటాం" అన్నా.

ఆయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "జూలై 1న పుట్టినానని రాసిందెవరు? నన్ను బడిలో చేర్చిన అయ్యవారు. ఆయన రాస్తే నిజం, నువ్వు రాస్తే అబద్ధమా?"

నానీని అడిగినా. మామ పుట్టిన తేదీ ఆమెకు తెలీదు. "వానలు పడి చేలో కలుపు తీసేటప్పుడు పుట్టినాడు" అంటాది, ఏ సంవత్సరమో చెప్పలేదు. ఈ గ్రూపులో కూడా జూన్ 1న, జూలై 1న పుట్టినోళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కేసుకోండి. మామ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఫారం నింపలా. ఆయన మాట్లాడకుండా బెంగళూరు బస్సెక్కి పోయినాడు.

మూడు వారాలు ఫోన్ లేదు. మార్చి 6న వాట్సాప్‌లో ఒక వార్త ఫార్వార్డ్ చేసినాడు. సునీల్ ఛెత్రి మళ్లీ ఇండియా టీమ్‌లోకి వస్తున్నాడని. కింద వాయిస్ మెసేజ్: "నలభైలో ఆయన ఆడితే నేను ఆడలేనా అల్లుడా?"

అప్పుడు నాకు భయమేసింది. ఈయనకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం కుదరదు, నిజంగా తెలుసుకుని చెప్పాలనుకున్నా. లైబ్రరీలో, ఫోన్‌లో దొరికిందంతా చదివినా. నాకు అర్థమైంది రాస్తున్నా.

ఛెత్రి మన సికింద్రాబాద్‌లోనే పుట్టినాడు, 1984 ఆగస్టు 3న. నాన్న ఆర్మీ. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి ఇండియా జెర్సీ వదిలేసినాడు. అప్పటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. కానీ వదిలింది దేశం టీమ్‌ను, క్లబ్బును కాదు. బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతూనే ఉన్నాడు. డిసెంబర్ 7న కేరళ బ్లాస్టర్స్ మీద మూడు గోల్స్ కొట్టినాడు. ఐఎస్ఎల్‌లో హ్యాట్రిక్ కొట్టినోళ్లలో అందరికన్నా పెద్ద వయసు ఆయనదే, 40 ఏళ్ల 126 రోజులు అని పేపర్లు రాసినాయి. ఆ సీజన్‌లో మొత్తం 14 గోల్స్, మన దేశం ఆటగాళ్లలో అదే ఎక్కువ. అందుకే కోచ్ మనోలో మార్కెజ్ మళ్లీ పిలిచినాడు. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0తో గెలిచినప్పుడు ఒక గోల్ ఛెత్రిదే, 95వది.

నూట ఇరవై ఆరు రోజులు! ఆయన వయసును రోజులతో సహా లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు. మా మామకు సంవత్సరమే తెలీదు. ఆ ఒక్క లైన్ దగ్గర చాలాసేపు ఆగిపోయినా.

తర్వాత వేరే దేశాల వాళ్ల గురించి చదివినా. ఇటలీ కీపర్ డినో జోఫ్ 1982లో నలభై ఏళ్లకు ప్రపంచకప్ గెలిచినాడు. ఈజిప్టు కీపర్ ఎల్ హదారీ 2018 ప్రపంచకప్‌లో 45 ఏళ్లకు పెనాల్టీ ఆపినాడు. కామెరూన్ రోజర్ మిల్లా 1994లో 42 ఏళ్లకు రష్యా మీద గోల్ కొట్టినాడు. జపాన్‌లో కజుయోషి మియురా 1967లో పుట్టినాడు, 2025లో 58 వచ్చినా నాలుగో స్థాయి లీగ్‌లో క్లబ్బు ఆటగాడిగా ఉన్నాడు. పెద్ద వయసు అని ఆపే రూల్ ఫుట్‌బాల్‌లో లేదు. జోఫ్, హదారీ కీపర్లు కాబట్టి పరుగు తక్కువ, అది వేరే సంగతి. మామ వింగర్. వింగర్‌కు స్పీడే ఆస్తి, వయసుతో మొదట పోయేదీ అదే.

రిటైరై తిరిగొచ్చినోళ్లు కూడా ఉన్నారు. పీలే 1974లో సాంటోస్ వదిలి 1975లో అమెరికా వెళ్లి కాస్మోస్‌కు ఆడినాడు. 1977 సెప్టెంబర్ 24న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడినప్పుడు ఆయనకు 36. ఆ మ్యాచ్ 2-2. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్‌ది. మిల్లా కూడా దేశం టీమ్ వదిలేసి రీయూనియన్ అనే చిన్న దీవికి పోయి ఆడుకుంటాంటే, 1990 ప్రపంచకప్‌కు కామెరూన్ ప్రెసిడెంటే వెనక్కి పిలిపించినాడు. అప్పుడు 38 ఏళ్లు, నాలుగు గోల్స్ కొట్టినాడు.

వీళ్లందరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనపడింది. ఎవరికీ గ్యాప్ లేదు. పీలేకు ఉన్నది కొన్ని నెలలు. మిల్లా చిన్న దీవిలోనైనా ఆడుతూనే ఉన్నాడు. మియురా 1986 నుంచి ఆపలేదు. ఛెత్రి ఒక్క సీజన్ కూడా వదల్లేదు. పెద్ద వయసులో ఆడినోళ్లు తిరిగొచ్చినోళ్లు కాదు, అసలు పోనోళ్లు.

ఇంకోవైపు తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఆయనదీ సికింద్రాబాదే, అమ్ముగూడ. పేదింటి పిల్లోడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన టీమ్‌లో, 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన టీమ్‌లో ఆడినాడు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి 1963లో ఆట ఆపేసినాడు, 27 ఏళ్లకే. అదే సికింద్రాబాద్‌లో పుట్టి ఒకాయన 27కు ఆగిపోయినాడు, ఒకాయన 40లోనూ ఆడినాడు. తేడా పుట్టిన తేదీలో లేదు, ఒళ్లు ఎట్లుంది, దాన్ని చూసుకునేవాళ్లు ఎవరున్నారు అనే దాంట్లో ఉంది.

ఇదంతా ఫోన్‌లో చెప్పలేననిపించింది. ఉగాదికి మామను ఊరికి తీసుకురమ్మని యాడి చెప్పింది. ముందు రోజు, మార్చి 29 శనివారం, కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీకి ముంబైతో నాకౌట్ మ్యాచ్ ఉంది. పొద్దున్నే బస్సెక్కినా. అనంతపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే. ఇద్దరం చవక టికెట్లు తీసుకుని పైన కూర్చున్నాం. మామ ఆ ఊర్లో 17 ఏళ్లుగా బిల్డింగులు కడతాండాడు, ఆ స్టేడియం లోపలికి రావడం మాత్రం అదే మొదటిసారి.

బెంగళూరు 5-0తో గెలిచింది. ఐదింట్లో ఒకటి ఛెత్రిది. స్టేడియమంతా లేచి అరుస్తాంటే మామ కూర్చునే ఉన్నాడు, ఆయన్నే చూస్తా.

"చూడల్లుడా, ఆయన పరిగెత్తడం లే. బంతి యాడికి వస్తాదో ముందే పోయి నిలబడతాండాడు. స్పీడ్ పోయింది. తెలివి పోలే." ఇంకాసేపటికి, "ఆ బెంచీ పక్కన ఎంతమంది ఉండారో చూడు. కాళ్లు పట్టేవాళ్లు, ఐసు పెట్టేవాళ్లు. ఆయన వెనక అంతమంది ఉండారు. నా వెనక మేస్త్రీ ఒక్కడే ఉండాడు" అని నవ్వినాడు.

నేను రాసుకొచ్చిందంతా బ్యాగులోనే ఉండిపోయింది. ఆట తెలిసిన మనిషి కదా, నాకు నెల పట్టింది ఆయనకు ఒక మ్యాచ్‌లో అర్థమైంది.

ఊరికి వచ్చే బస్సులో నేనే అడిగినా. "మామా, బరువులు మోసే ఒళ్లు గట్టిగానే ఉంటాది కదా?" ఆయన చొక్కా పక్కకు జరిపి భుజం చూపించినాడు. సిమెంటు మూట మోసే పక్క కిందికి వాలింది. "ఇది మోసే ఒళ్లు. పరిగెత్తే ఒళ్లు వేరే. ఒకే ఒళ్లు రెండూ చేయలేదు" అన్నాడు. యాభై కిలోల మూటతో మెట్లెక్కితే మోకాలు అరుగుతాది. రాత్రి షెడ్డులో నిద్ర ఉండదు. తిండి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ముప్పై దాటినాక ఆటగాడికి కావాల్సింది ట్రైనింగ్ కన్నా ముందు తిండి, నిద్ర, దెబ్బ తగిలితే ఆగే వీలు. కూలికి పోయేవాడికి ఈ మూడూ దొరకవు.

కాబట్టి మామ అడిగిందానికి నా జవాబు ఇది. నలభైలో ప్రొఫెషనల్‌గా ఆడొచ్చు, అది నిజం. మామ ఆడలేడు, అదీ నిజం. ఆయనకు అడ్డొచ్చింది వయసు కాదు, 17 ఏళ్ల గ్యాప్. చదువులో గ్యాప్ వస్తే తహసీల్దార్ ఆఫీసులో గ్యాప్ సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో మళ్లీ అడ్మిషన్ దొరుకుతాది. ఆటలో గ్యాప్‌కు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. ఆధార్‌లో అంకె మారిస్తే పోయిన 17 ఏళ్లు తిరిగి రావు. పైగా 22 ఏళ్ల నిజమైన పిల్లోడు ఎవడో ఒకడు ఆ ట్రయల్ పోగొట్టుకుంటాడు, వాడు కూడా మనలాంటి తండా నుంచే రావచ్చు. ఆ రాత్రి మామకు చెప్పలేకపోయిన జవాబు ఇదే.

ఛెత్రి విషయంలో కూడా ఈ మాట వచ్చింది. మార్చి 25న బంగ్లాదేశ్‌తో 0-0 అయినాక, నలభై ఏళ్లాయన మీద ఇంకా ఎన్నాళ్లు ఆధారపడతారు, కుర్రోళ్లేరీ అని చాలామంది అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన తప్పుకుంటే కుర్రోళ్లు వాళ్లంతట వాళ్లే రారు. క్లబ్బులు ముందు వరసలో ఎక్కువగా విదేశీ ఆటగాళ్లనే పెట్టుకుంటాయి. ఆడనిస్తే కదా కుర్రోడు తయారయ్యేది.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీలో బాగా ఆడేవాళ్లు ఉన్నారు. ఇంటర్ అయినాక, ఇంట్లో అప్పు ఉందని, పెళ్లి అని, ఒక్క ఏడాది ఆగి మళ్లీ ఆడతామనుకుంటారు. మామ కూడా ఒక్క ఏడాదే అనుకుని పోయినాడు. పనికి పోక తప్పకపోతే పోండి, తప్పు లేదు. వారానికి రెండు రోజులైనా బంతి వదలొద్దు. చిన్న టీమ్ అయినా పర్లేదు, మిల్లా ఆడింది చిన్న దీవిలోనే.

మామను కోచింగ్ కోర్సు చేయమని నేనూ చెప్పినా. కోప్పడినాడు. "నేను ఆడతా అంటే ఆడించు అంటావేంది?" అన్నాడు. ఇప్పుడే ఆ మాట ఎత్తొద్దనుకున్నా. ఆయనకు ఇంకా ఆడాలనే ఉంది. ప్రొఫెషనల్‌గా కాదని ఆయనకే తెలుసు.

అందుకే ఈ పోస్టు. బెంగళూరులో ఉన్న అన్నలు ఎవరైనా, హెబ్బాళ్, యలహంక వైపు ఆదివారం పొద్దున ఆడుకునే టీమ్ ఉంటే కామెంట్లో చెప్పండి. ముప్పై దాటినోళ్లను రానిచ్చే టీమ్ కావాలి. ఫీజు ఎక్కువ ఉండకూడదు. ఆయన ఎడమ కాలి ఆటగాడు, లెఫ్ట్ వింగ్. ఇరవై నిమిషాలు ఆడగలడు. వయసు ఆధార్‌లో ఉన్నదే రాయిస్తా.